పిడి చెక్క కింద నంబరు

ఐర్లండ్ వెళ్ళొచ్చానని తెలిశాక కాకినాడలో నన్ను ఆపి అడగనివాళ్ళు లేరు. చలి ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, మీ మేనకోడలు ఎలా ఉంది అని. చలి బాగానే ఉంది, తిండికి లోటు లేదు, మేనకోడలు శిరీష కులాసాగా ఉంది. అయితే నేను అంత దూరం పోయింది ఈ మూడింటి కోసం కాదు. ఆరేళ్ళ కిందట ఒక కాగితం మీద ఒక తప్పు సంవత్సరం రాసి, కింద సంతకం పెట్టి, షాపు ముద్ర కూడా వేసి పంపాను. దాన్ని కొట్టేసి రావడానికి వెళ్ళాను.

మాది తుపాకుల మరమ్మతు షాపు. మా నాన్న తర్వాత లైసెన్సు నా పేరు మీదికి వచ్చింది. బ్యాంకు కాపలావాళ్ళ తుపాకులూ, పాత కుటుంబాల్లో మిగిలిపోయిన రివాల్వర్లూ వస్తుంటాయి. నూనె పెట్టి, స్ప్రింగులు మార్చి ఇస్తుంటాను. నాకున్న పిచ్చి మాత్రం వేరు. పాత అమెరికన్ రివాల్వర్ ఏ ఏడాది తయారైందో నంబరు చూసి చెప్పడం. మన చట్టంలో వాటిని పోగేసుకోవడం కుదిరే పని కాదు కాబట్టి వాటి పుట్టిన ఏళ్ళు పోగేస్తాను. ఒక లావుపాటి నోటుబుక్కు ఉంది. దేశదేశాల్లో ఉన్న నాలాంటి పిచ్చివాళ్ళు తమ దగ్గరున్న దాని నంబరూ, అది ఫ్యాక్టరీ దాటిన తేదీ ఉన్న చీటీ ఫొటో పంపుతారు. నేను వరసలో రాసుకుంటాను. తెలిసిన రెండు నంబర్ల మధ్య తెలియని నంబరు పడితే దాని ఏడాది దొరికినట్టే.

అలా పరిచయమైనవాడు డెనిస్. ఐర్లండ్‌లో ట్రాలీ ఊరి పక్కన ఉండే రిటైరైన బడి మాస్టారు. ఆయన తాత అమెరికాలో రాగి గనుల్లో పనిచేసి, తిరిగొస్తూ ఒక రివాల్వర్ తెచ్చుకున్నాడు. అంత కష్టపడ్డా అక్కణ్ణుంచి తెచ్చుకున్నది అదొక్కటేనట. డెనిస్ ఫొటోలు పంపి, ఇదెప్పటిదో చెప్పమన్నాడు. ఊరికే సరదాకి అడగలేదు. ఆయన చెప్పిన ప్రకారం, అది పందొమ్మిదో శతాబ్దంలో తయారై, ఇప్పుడు దొరకని తూటా పట్టేదైతే పాత వస్తువుగా ఇంట్లో ఉంచుకోవచ్చు. శతాబ్దం దాటిందైతే ఆయుధం కింద లెక్క. అనుమతి లేకుండా ఉంచుకోకూడదు. తూటా సంగతి ఆయనే తేల్చుకున్నాడు, ఏడాది సంగతి నన్నడిగాడు. నేను ఫొటోలో తూటాల చక్రం పక్కన చట్రం మీద కొట్టి ఉన్న నంబరు చూసి, నోటుబుక్కు తిరగేసి, శతాబ్దం మారడానికి నాలుగేళ్ళ ముందుదని రాసిచ్చాను. ఆయన దాన్ని అక్కడి పోలీసులకి చూపించాడు. వాళ్ళొక నకలు తీసి ఫైల్లో పెట్టుకున్నారు. అప్పట్నుంచి వారం వారం మాకు ఉత్తరాలు నడిచాయి, కంప్యూటర్లోనే అనుకోండి. పోయినేడాది ఆయన పోయాడు. ఆ కబురు ఆయన భార్య బ్రిజిడ్ రాసింది.

ఈ ఏడాది మొదట్లో ఇంకొకాయన అదే రకం రివాల్వర్ ఫొటోలు పంపాడు. చట్రం మీద ఒక నంబరు, పిడి అడుగున ఇంకో నంబరు. చూడగానే నా తప్పు తెలిసింది. మన దగ్గరికి మరమ్మతుకొచ్చే పాతవి ఎక్కువగా ఇంగ్లండువి. వాటి మీద ఎక్కడ కొట్టినా ఒకటే నంబరు కొడతారు. ఆ అలవాటుతో అమెరికన్ దాని మీద కూడా కళ్ళబడ్డ మొదటి నంబరే నంబరనుకున్నాను. అది విడిభాగాలు ఒకదాంతో ఒకటి కలిసిపోకుండా ఫ్యాక్టరీలో పనివాళ్ళు వేసుకునే గుర్తు. అసలుది పిడి అడుగున ఉంటుంది. డెనిస్ రివాల్వర్‌కి ఎవరో పిడి అడుగున తాడు కట్టుకునే కడియం బిగించారు. దానికోసం వేసిన రంధ్రం నంబరులో సగం తినేసింది. కనపడనిదాన్ని నేను పట్టించుకోలేదు. నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, కుర్రాళ్ళు చేసే తప్పు చేశాను. సిగ్గేసింది.

"ఫోన్ చేసి చెప్పేయండి," అంది మా ఆవిడ సుభద్ర.

"ఏమని? నీ ఇంట్లో ఉన్నది నేరమేమో అని మొగుడు పోయినావిడకి ఫోన్లో చెప్పనా? పైగా 'ఏమో' అని. అసలు నంబరు చూడందే నాకే తెలీదు. తెలీకుండా ఒకసారి చెప్పిందే చాలు."

"అయితే వెళ్ళిరండి. మీరు ఎలాగూ నిద్రపోరు, నన్ను పోనివ్వరు."

ఆశ ఒకటుంది. ఆ ఫ్యాక్టరీలో పిడికి చెక్కలు అమర్చేటప్పుడు కుడి చెక్క లోపలి వైపు అసలు నంబరు పెన్సిలుతో రాసేవారు. ఒక్క స్క్రూ విప్పితే చెక్క ఊడుతుంది. ఆ ఒక్క స్క్రూ కోసం ఎనిమిది వేల కిలోమీటర్లకి పైగా వెళ్ళాను.

డ్రోహెడా: రాని పెట్టె

డబ్లిన్‌లో నేను దిగాను గానీ నా పెట్టె దిగలేదు. ఎక్కడో మధ్యలో విమానం మారిన చోట ఉండిపోయిందట. శిరీషకి తెచ్చిన గోంగూర పచ్చడి పోతే పోయింది, నా స్క్రూడ్రైవర్లు అందులో ఉన్నాయి. ఒక్కోటీ నేను చేత్తో అరగదీసి చేసుకున్నవి. మామూలు స్క్రూడ్రైవర్ కొన చివరికి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. పాత స్క్రూ గాడిలో పెట్టి తిప్పితే జారి, గాడి అంచులు చెక్కేస్తుంది. కొన గాడిలో నిండుగా, వదులు లేకుండా కూర్చోవాలి. నూట పాతికేళ్ళ నాటి దాన్ని నా చేత్తో పాడుచేయడం నావల్ల కాదు.

శిరీష డబ్లిన్‌కి దగ్గర్లో డ్రోహెడాలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఊళ్ళో పెద్ద ఆసుపత్రి ఉంది. పొద్దున్నే సగం ఊరు డబ్లిన్ పనులకి పోతుంది, సాయంత్రం తిరిగొస్తుంది. ఇల్లు అద్దెది. దాని అద్దె మాట చెబితే మా ఆవిడ నమ్మలేదు, ఇక్కడ రాయను. వెళ్ళగానే పప్పుచారు, అప్పడాలు. శిరీష కూతురు అనన్యకి ఎనిమిదేళ్ళు. నేను తెలుగులో అడుగుతుంటే అంతా అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిచ్చింది. ఆ ఇంగ్లీషు నాకు సగమే అందింది. ఏమడిగినా "గ్రాండ్" అంటుంది. స్కూలు గ్రాండ్, పప్పుచారు గ్రాండ్. బాగుందనడానికీ, ఫరవాలేదనడానికీ, ఇక ఆ సంగతి వదిలెయ్ అనడానికీ అక్కడ అదే మాట. వంటింటి అలమరాని అందరూ ప్రెస్ అంటారు. "తాతయ్యకి కప్పు ఇవ్వు, ప్రెస్‌లో ఉంది" అని శిరీష అంటుంటే మొదటిరోజు నాకు ఇస్త్రీ గుర్తొచ్చింది.

మర్నాడు బస్సులో ఊరు చూశాను. దిగేటప్పుడు ప్రతివాళ్ళూ డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగుతున్నారు. కాలేజీ పిల్లలూ, ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ, ఒక్కరు మానలేదు. మన దగ్గర డ్రైవరుతో మాట్లాడేది బస్సు ఆపకపోతేనే. నేనూ చెప్పి దిగాను, బాగానే అనిపించింది. దుకాణంలో చికెన్ ముక్కలు కూరిన పొడుగాటి రొట్టె ఆరు యూరోలు. యూరో మన వందకి అటూ ఇటూ. ఆరు వందల రొట్టె తిని ఆకలి తీరలేదని ఎవరితో చెప్పుకోను?

రెండు రోజులు చూశాం. పెట్టె రాలేదు. శిరీష నా పక్కన కూర్చుంది.

"మావయ్యా, ఒకమాట చెప్తాను, తిట్టకు. ఆ కాగితం రాసి ఆరేళ్ళైంది. గార్డులు అడగలేదు. ఆవిడ ఒంటరిది. ఎందుకు కదపడం? ఊరికే వెళ్ళి పలకరించి వచ్చెయ్."

అక్కడ పోలీసుల్ని గార్డులంటారు.

"ఆవిడ పోయాక ఆవిడ పిల్లలో, ఇల్లు కొన్నవాళ్ళో తీస్తారు. అప్పుడెవరైనా సరిగ్గా చూస్తే? నా కాగితం నమ్మి ఉంచుకుంది కదా ఆవిడ. నా కాగితమే."

"పెట్టె రాలేదు కదా మరి."

"స్క్రూడ్రైవర్ కొత్తది చేసుకుంటాను."

శిరీష వాళ్ళమ్మకి ఫోన్ చేసి, మావయ్య మొండితనం తగ్గలేదని చెప్పడం పక్క గదిలోంచి నాకు వినపడింది.

పోర్ట్‌లీష్: సానరాయి, సర్వపిండి

ట్రాలీ వెళ్ళే రైలు దారిలోనే పోర్ట్‌లీష్ వస్తుంది. అక్కడ శిరీష భర్త కిరణ్ స్నేహితుడు ప్రసాద్ ఉన్నాడు. వరంగల్ అబ్బాయి, వైద్య పరికరాలు చేసే ప్లాంటులో ఇంజనీరు. కొలతలు చూసే పని. కొలతలు చూసే మనిషనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకరోజు అక్కడ దిగాను.

ప్రసాద్‌తో హార్డ్‌వేర్ షాపుకి పోయాం. షాపాయన తెల్ల గడ్డం పెద్దమనిషి. ముందు వాన గురించి అయిదు నిమిషాలు మాట్లాడాడు. ఆ తర్వాతే ఏం కావాలని అడిగాడు. మూడు సైజుల స్క్రూడ్రైవర్లు, ఒక సానరాయి తీసుకున్నాను. స్క్రూడ్రైవర్ ఒక్కోటీ నాలుగు యూరోలు. నేను కొనలు గోటి మీద పెట్టి చూస్తుంటే, దేనికని అడిగాడు. పాత స్క్రూకి అరగదీసుకోవాలన్నాను. ఆయన లోపలికి పోయి, పిడి విరిగిన పాత స్క్రూడ్రైవర్ ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. "దీని ఇనుము మంచిది. ఇప్పటివి మెత్తన," అన్నాడు. ఎంతంటే తల అడ్డంగా ఊపాడు. ఇనుము తెలిసిన మనిషి ఏ ఊళ్ళోనైనా మనవాడే.

ప్రసాద్ భార్య లావణ్య సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నెకి ఒత్తి కాల్చిన రొట్టె. మా కోస్తావాళ్ళకి ఇది అంతగా తెలియదు. మూడు తిన్నాను. తిన్నాక వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, సానరాయికి నీళ్ళు చల్లి కూర్చున్నాను. కొనకి రెండు వైపులా సమానంగా, మూల పోకుండా, ఒత్తిడి మారకుండా రుద్దాలి. తొందరపడితే కొన వంకర తిరుగుతుంది. నాలుగు గంటలు పట్టింది. మధ్యమధ్య ప్రసాద్ తన కొలత పరికరంతో మందం చూసి చెబుతున్నాడు.

"అంకుల్, గిది జర ఎక్కువ పోయింది ఎడమ దిక్కు."

"ఎంత?"

"వెంట్రుక మందంల సగం."

"అయితే సరిచెయ్యాలి."

తర్వాత ప్రసాద్ మొహమాటపడుతూ అడిగాడు. "అంకుల్, తప్పుగ అనుకోకుండ్రి. గా తుపాకి కొత్తదని తేలితే ఏం జేస్తరు?"

"చెప్తాను."

"గార్డులు పట్కపోతరు గదా. మల్ల ఇయ్యరు. మొగుడు యాదిగ పెట్టుకున్న వస్తువు. గామె నోట్లె మన్ను గొట్టినట్టైతది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. రుద్దడం ఆపి కూర్చున్నాను. వాళ్ళ ప్లాంటులో కొలత తప్పిన వస్తువు ఒకటి బయటికి పోయిందని ఆర్నెల్ల తర్వాత తెలిస్తే ఏం చేస్తారని అడిగాను.

"వాపస్ పిలుస్తం. ఎక్కడున్నా సరే. పిలువకపోతే నా నౌకరీ ఉండది."

"నాకు నౌకరీ పోయేది లేదు. సొంత షాపు. అందుకని నేనే పిలవాలి," అన్నాను. ప్రసాద్ లేచాడు. సానరాయికి నీళ్ళు మార్చి తెచ్చాడు.

మాలో: కొద్దిలో తప్పిన దారి

మర్నాటి రైలు ఖాళీగా ఉంది. బయట అంతా పచ్చిక, గొర్రెలు, రాతి గోడలు. నా ఎదురు సీటులో ఒక పెద్దావిడ ఊలు అల్లుతోంది. ఎక్కడికని అడిగింది, ట్రాలీ అన్నాను. ఇక తన మేనల్లుడి పెళ్ళి, మోకాలి ఆపరేషను, బంగాళాదుంపల ధర అన్నీ చెప్పింది. నేను స్క్రూడ్రైవర్ కొనకి గుడ్డ చుడుతూ ఊఁ కొడుతున్నాను. మాలో అనే స్టేషనులో ట్రాలీవాళ్ళు దిగి వేరే రైలెక్కాలి. నేను ఆ ప్రకటన విన్నాను, అర్థం కాలేదు, కూర్చునే ఉన్నాను. ఆవిడ ఊలు పక్కనపడేసి నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. ఇంకో నిమిషం ఆగితే ఆ రైల్లోనే కార్క్ చేరేవాణ్ణి. నా సంచీ కూడా ఆవిడే అందించింది. పేరు అడగలేదు, ఇప్పటికీ ఆ సిగ్గు ఉంది.

ట్రాలీ: ఇద్దరు చూడాలి

బ్రిజిడ్ గారికి డెబ్భై నాలుగేళ్ళు. వస్తున్నానని ముందే రాశాను కాబట్టి స్టేషనుకి తనే కారు నడుపుకుంటూ వచ్చింది. పొట్టి మనిషి, వేళ్ళ కణుపులు వాచిపోయి ఉన్నాయి. ఆవిడ ఇంగ్లీషు రాగం తీసినట్టు ఉంటుంది. నాకు అర్థమైనంతవరకు మన మాటల్లో రాస్తున్నాను.

ఇల్లు ఊరికి రెండు మైళ్ళు. వెళ్ళగానే టీ తాగుతారా అంది. వద్దండి, ఇప్పుడే తాగాను అన్నాను. ఒక్క చుక్కైనా అంది. వద్దు, శ్రమ అన్నాను. శ్రమేముంది అంది. అప్పుడు సరే అన్నాను. రెండుసార్లు వద్దని మూడోసారి ఒప్పుకోవడం మన ఒక్కళ్ళ మర్యాదే అనుకునేవాణ్ణి. గోధుమ రంగు రొట్టె ఇంట్లో చేసింది, వెన్న రొట్టెంత మందంగా రాసింది. డెనిస్ ఫొటో ఉన్న చిన్న కార్డు ఒకటి నా చేతిలో పెట్టింది. అక్కడ మనిషి పోయాక అలాంటి కార్డులు అచ్చువేయించి చుట్టాలకి, స్నేహితులకి ఇస్తారట. మనం గోడకి దండవేసి పెడతాం, వాళ్ళు పర్సులో పెట్టుకుంటారు. అయిదేళ్ళు ఉత్తరాలు రాసుకున్న మనిషి ముఖం అప్పుడే చూశాను. కళ్ళజోడు కొంచెం పక్కకి ఒరిగి ఉంది.

"మీ కోసం ఒకటి దాచాను," అని లావుపాటి ఫైలు తెచ్చింది. నేను రాసిన ప్రతి ఉత్తరం ఆయన అచ్చు తీసి పెట్టుకున్నాడు. అన్నిటికన్నా పైన నా షాపు ముద్ర ఉన్న కాగితం.

ఇక ఆగితే చెప్పలేనని తెలిసింది. టీ కప్పు కిందపెట్టి అంతా చెప్పాను. తప్పు నంబరు చూశానని, అసలు నంబరు చూడ్డానికి వచ్చానని, అది ఎటైనా తేలవచ్చని.

"మీరు వస్తానన్నది నన్ను పలకరించడానికనుకున్నాను," అంది చివరికి. లేచి, వంటింటి ప్రెస్ పై అరలోంచి తువ్వాలు చుట్టిన పెట్టె దింపి బల్ల మీద పెట్టింది.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. మా నాన్న పెట్టింది. ఏ తుపాకీ వచ్చినా ముందు తూటా లేదని చూడాలి, చూసినవాడు ఒక్కడే కాకూడదు. నేను చక్రం పక్కకి తీసి ఆరు గదులూ చూశాను. తర్వాత బ్రిజిడ్ గారి వైపు తిప్పి చూడమన్నాను. ఆవిడ ఒక్కోదానిలో కన్ను పెట్టి చూసి, "లేదు" అంది.

ఎంత శుభ్రంగా ఉంచాడో డెనిస్. ప్రతి ఆదివారం నూనె గుడ్డతో తుడిచేవాడట, ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకుండా. నేను స్క్రూడ్రైవర్ గాడిలో పెట్టాను. నిండుగా కూర్చుంది. అరచేత్తో ఒత్తి మెల్లగా తిప్పాను. కదల్లేదు. చుక్క నూనె వేసి అరగంట ఆగాం. అరగంట కాగానే ఆవిడ కప్పులు కడగడానికి పంపు దగ్గరికి వెళ్ళింది. రెండోసారి తిప్పితే స్క్రూ చిన్న చప్పుడు చేసి వదిలింది. కుడి చెక్క చేతిలోకి వచ్చింది.

పెన్సిలు రాత. అప్పుడే రాసినంత నల్లగా ఉంది, నాలుక్కి తగిలించి తడి చేసుకుని రాసి ఉంటాడు ఎవడో పనివాడు. ఆరు అంకెలు. చూడగానే నాకు తెలిసిపోయింది. నోటుబుక్కు తీయక్కర్లేదు. ఆ వరసలు నాకు కంఠతా వచ్చు.

ఒక మాట దాచకుండా రాస్తాను. ఆవిడ వీపు నా వైపు ఉంది. చెక్క మళ్ళీ బిగించి, అంతా సరిగ్గానే ఉందమ్మా అంటే, ఆ మాట ఆవిడ జన్మలో కాదనదు. పోయినాయన ఆనందపడతాడు. ప్రసాద్ మాటే చెవిలో ఉంది. చెక్క పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, పంపు కట్టేసిన చప్పుడు వినిపించింది.

"బ్రిజిడ్ గారూ, ఇలా రండి. దీన్ని కూడా ఇద్దరం చూడాలి."

ఆవిడ చేతులు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకుంది. ఆరు అంకెలూ పైకి చదివింది. నేను నోటుబుక్కు తెరిచి ఆ పేజీ ఆవిడ ముందు పెట్టాను. ఏ రెండు నంబర్ల మధ్య పడుతుందో ఆవిడే వేలితో వెతుక్కుంది, బళ్ళో పిల్లలు ఎక్కం మీద వేలు పెట్టినట్టు. వేలు ఆగిన చోట ఏడాది ఉంది. శతాబ్దం తిరిగాక ఏడో ఏడాది. ఇంకో రెండుసార్లు నంబరు చూసింది. వేలు అక్కడే ఆగింది.

"మీరు చెప్పకపోతే నాకెలా తెలిసేది?"

"తెలిసేది కాదు."

"గార్డులకి?"

"ఇప్పట్లో తెలిసేది కాదు."

"అయితే ఎందుకు చెప్పారు? ఆయన పోయి ఏడాది కాలేదు. మీరు రాకపోయినా బాగుండేది."

"దాని మీద నా సంతకం ఉందమ్మా," అన్నాను. ఆవిడ వెనక తలుపు తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది. సన్నగా వాన పడుతోంది. నేను చెక్క బిగించి, రివాల్వర్ తువ్వాల్లో చుట్టి, కుర్చీలో కూర్చున్నాను. నాకు బాధగా ఉంది, ఊరికి వెళ్ళిపోదామని కూడా ఉంది. అయినా తప్పు చేశానని మాత్రం అనిపించలేదు.

పావుగంటకి లోపలికొచ్చింది. ఫోన్ తీసి గార్డుల స్టేషనుకి చేసింది. మాట్లాడి, "రేపు పొద్దున వస్తారట. దాన్ని ఎక్కడికీ తీసుకురావద్దన్నారు," అంది. తర్వాత ఉడికించిన పంది మాంసం, క్యాబేజీ, బంగాళాదుంపలు వడ్డించింది. ఉప్పు కారం లేని వంట, పక్కన ఆవపిండి ముద్ద. ఇద్దరం తిన్నాం. నన్ను ఊళ్ళో అద్దె గది దగ్గర దింపి, గుడ్‌నైట్ అని మాత్రం అంది.

ట్రాలీ: బల్ల మీద కాగితం

పొద్దున తొమ్మిదింటికి ఆవిడే కారులో వచ్చి తీసుకెళ్ళింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. దారిలో ఒకమాటే అంది. "రాత్రి మీ ఉత్తరాలన్నీ చదివాను. ఆయన అడిగిన ప్రతిదానికీ జవాబు రాశారు. తెలియనిచోట తెలియదనే రాశారు." అది పొగడ్తో, నిష్ఠూరమో నాకు అర్థం కాలేదు.

మన దగ్గర ఇంటికి పోలీసొస్తే వీధి వీధంతా గోడెక్కి చూస్తుంది. అక్కడ వచ్చిన గార్డు నలభై ఏళ్ళవాడు, గుమ్మం దగ్గరి పట్టా మీద బూట్లు బాగా తుడుచుకుని లోపలికొచ్చాడు. టీ వద్దని రెండుసార్లు అన్నాడు. డెనిస్ దగ్గర చదువుకున్నాడట. చేతి తొడుగులు వేసుకుని రివాల్వర్ చూశాడు, ఖాళీగా ఉందని చూశాడు. బ్రిజిడ్ గారి మీద కేసేమీ ఉండదని, తనంతట తను పిలిచిందని రాస్తానని అన్నాడు. వస్తువు మాత్రం తిరిగి రాకపోవచ్చని కూడా దాచకుండా చెప్పాడు. ఆవిడ తల ఊపింది.

ఆయన ఫైల్లోంచి ఒక నకలు తీశాడు. నా షాపు ముద్ర, నా సంతకం. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఇది రాసింది మీరేనా?"

"నేనే. అది తప్పు."

పెన్ను అడిగి తీసుకుని, ఆ ఏడాది మీద అడ్డంగా గీత గీసి, పక్కన సంతకం పెట్టాను. తర్వాత అసలు నంబరూ, అది ఎక్కడ ఉందో, దాన్నిబట్టి ఏ ఏడాదో చెప్పాను. గార్డు వెంటనే రాసుకోలేదు. ఆయన తప్పేమీ లేదు, ఎవరైనా అడుగుతారు.

"క్షమించాలి సార్. అప్పుడూ మీరే చెప్పారు, ఇప్పుడూ మీరే చెబుతున్నారు. రెండోది నిజమని నేనెలా రాసుకోను?"

నేను నోటుబుక్కు కోసం సంచీలో చెయ్యి పెట్టాను. అంతలో పొయ్యి దగ్గర నిలబడ్డ బ్రిజిడ్ గారు బల్ల దగ్గరికొచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"మొదటిది ఈయన ఫొటో చూసి చెప్పాడు," అంది గార్డుతో. "రెండోది చెప్పడానికి ఇండియా నుంచి వచ్చాడు. చెప్పకుండా పోవచ్చు, నేను కప్పులు కడుక్కుంటున్నాను. నన్ను పిలిచి చదివించాడు. డెనిస్ అయినా ఇదే చేసేవాడు. రాసుకో."

నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు. గార్డు తన నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పాడు. నేను నంబరు మళ్ళీ మొదట్నుంచీ, ఒక్కో అంకె ఆగి ఆగి చెప్పాను. ప్రతి అంకెకీ బ్రిజిడ్ గారు, అవును, అంది.